గంగ అడిగిన ప్రశ్న

శ్రీమద్భాగవతము నవమస్కంధమున గంగావతరణ కథ కలదు. సగరచక్రవర్తి కుమారులు అరువదివేలమంది కపిలమహర్షి యెడ అపచారము చేసి భస్మమైరి. వారి కుత్తమగతులు కల్పింప వలెనని సగరుని మనుమడగు అంశుమంతుడు తపమాచరించి, కార్యము నెరవేరకయే కాలధర్మము నొందెను. అతని కుమారుడు దిలీపుడును అట్లే గతించెను. పిదప దిలీపుని కుమారుడగు భగీరథుని తపస్సు ఫలించినది. గంగాదేవి ప్రత్యక్షమైనది. ప్రత్యక్షమైన దేవి వెంటనే సరేయని దిగివచ్చినదా? లేదు. రెండు అభ్యంతరములు చెప్పినది. నా వేగమును భరించువాడెవడు అనునది మొదటిది. దానికి శివుని జటాజూటము సమాధానమైనది. ఈ కథ మనకందఱకును తెలియును. గోడపటములందును, ఆలయశిల్పములందును ఈ ఘట్టమే కనబడును.

రెండవ అభ్యంతరమును ఏ చిత్రకారుడును చిత్రింపలేదు. భూలోకమున మనుష్యులు తమ పాపములను నాయందు కడుగుకొందురు గదా, ఆ పాపమును నేనెచ్చట కడుగుకొందునని గంగ అడిగినది. భగీరథుడు దీనిని త్రోసిపుచ్చలేదు. నీవు పావనివి, నీకు మాలిన్యమెక్కడిదని స్తుతించి తప్పించుకొనలేదు. ఆ ప్రశ్న న్యాయమైనదని అంగీకరించి, హరిని హృదయమున ధరించిన సాధుజనులు నీయందు స్నానమాడి, తమ స్పర్శచే ఆ పాపమును హరింతురని మాట యిచ్చెను. అనగా గంగావతరణము షరతులేని వరము కాదు. మనుష్యజాతి తరఫున ఒక రాజు చేసిన వాగ్దానము దానియందు ఇమిడి యున్నది. ఆ వాగ్దానము నేడెట్లున్నదో విచారించుటయే యీ ప్రసంగమునకు విషయము.

గంగానది పొడవు 2525 కిలోమీటర్లు. దేశజనాభాలో నూటికి నలువదిమందికి పైగా ఈ నదీపరీవాహక ప్రాంతమునందే జీవించుచున్నారు. స్నానయోగ్యమైన నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణము నిర్ణయించినది. మలసంబంధమైన సూక్ష్మజీవులు నూఱు మిల్లీలీటర్ల నీటిలో 500కు మించకుండుట మేలు, 2500 దాటరాదు. కాశీలో మురుగుకాలువలు కలియు తావులందు ఈ సంఖ్య లక్షలకెక్కిన సందర్భములున్నవి. వరుణ, అసి అను రెండు నదుల నడుమ నున్నందున వారణాసి అను పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ అసినదిని నేడు కాశీవాసులు ‘అస్సీ నాలా’ అనుచున్నారు. నాలా యనగా మురుగుకాలువ.

ఈ మాట చెప్పగానే భక్తుని మనస్సు నొచ్చుకొనును. “గంగకు మాలిన్యమంటునా? ఇవి నాస్తికుల మాటలు” అనును. అతని బాధను నేను తేలికగ తీసికొనను. మన తెలుగువారికి కాశీ యన్నను గంగ యన్నను ఎంత మక్కువయో తెలియనిదా? కాశికి పోయి వచ్చినవాడు మూతికి లక్కవేసిన రాగిచెంబుతో గంగను ఇంటికి తెచ్చి, పూజించి, బంధుమిత్రులకు సమారాధన చేసిన గాని యాత్ర ముగిసినదని తలపడు. ప్రాణము పోవువేళ ఆ చెంబులోని నీటిబొట్టు నోట పడవలెనని కోరని ముదుసలి లేదు. అట్టి జాతియే వ్యర్థమైపోయిన వస్తువును ‘గంగపాలైనది’ అని చెప్పుకొనుటయు కలదు! ఒకే నోట ఈ రెండు మాటలును వచ్చుచున్నవి. అక్కరలేనిదానిని గంగలో పాఱవేయుట మన నుడికారమునకే అలవాటైనది కాబోలు.

పావనత్వము వేఱు, పరిశుభ్రత వేఱు. గంగయొక్క పావనత్వము మనమిచ్చినది కాదు గనుక మనము తీసివేయగలది కాదు. ఆ విషయమున భక్తుని విశ్వాసమునకు భంగము లేదు. కాని ఆమె ధరించిన జలశరీరము పాంచభౌతికము. దానికి ప్రకృతి నియమములన్నియు వర్తించును. తల్లికి జబ్బుచేసినదనుట తల్లిని నిందించుట కాదు. తల్లి దేవత గనుక ఆమెకు జ్వరమే రాదని వైద్యుని గుమ్మము త్రొక్కనివాని భక్తిని ఎవడు మెచ్చును?

ఇంతకంటె లోతైన విషయ మొకటి కలదు. పద్మపురాణము పది నామాపరాధములను పేర్కొనుచు, భగవన్నామమునకు పాపహరణశక్తి కలదు గదాయని ఆ బలమును చూచుకొని పాపము చేయుటను వానిలో ఒకటిగ లెక్కించినది. అట్టివానికి శుద్ధి మిక్కిలి కష్టమట. గంగ సర్వమును శుద్ధిచేయును గనుక ఆమెలో ఏమి కలిపినను దోషములేదనువాడు చేయుచున్నది సరిగ్గా ఇదియే. ఆమె శక్తియందలి విశ్వాసమునే ఆమెకు ద్రోహము చేయుటకు సాధనముగ మార్చుకొనుచున్నాడు. నాస్తికుడు చేసిన తప్పు ఒక్కటి. ఇతడు చేసినవి రెండు.

మన శాస్త్రములు ఈ విషయమున మౌనము వహించినవా? తైత్తిరీయారణ్యకమునందలి అరుణప్రశ్నము నీటియందు మలమూత్రములు విడువరాదు, ఉమ్మివేయరాదు అని వ్రతనియమములలో స్పష్టముగ విధించినది. మనుస్మృతి నాలుగవ అధ్యాయమునను ఇదే నిషేధము కలదు; రక్తమును, విషమును సైతము అచ్చట చేర్చిరి. చర్మశుద్ధికి వాడు క్రోమియపు నీటిని ఎఱుగని కాలమున విషమను ఒక్కమాటలో అన్నియు చెప్పిరి. విధి తెలియక కాదు, దానిని ఒక్కొక్కని ఒంటికి మాత్రమే వర్తింపజేసికొనుట వలన ముప్పు వచ్చినది. నేను స్వయముగ నదిలో ఉమ్మివేయను. నా యింటి గొట్టము నా తరఫున ఆ పని చేయుచున్నది. గొట్టము చేసిన పాపము ఎవనిది?

ఈ ప్రశ్నను జీవితమంతయు మోసిన మహనీయుడొకడు కాశీలో నుండెను. వీరభద్రమిశ్రగారు సంకటమోచన హనుమదాలయమునకు మహంతు. గోస్వామి తులసీదాసు నివసించిన తులసీఘాట్ ఆయన నివాసము. ఆయనయే కాశీ హిందూ విశ్వవిద్యాలయమున జలయంత్రశాస్త్రమును బోధించిన ఆచార్యుడు. ప్రతిదినమును ఉదయమున గంగాస్నానము చేయుట ఆయన వ్రతము. ఆ నీటిలో ఏమున్నదో అంకెలతో సహా తెలిసియు ఆయన మునిగెడివాడు. స్నానము మానినచో భక్తి మానినట్లు, పరీక్ష మానినచో సత్యము మానినట్లు; రెంటిలో దేనిని విడువలేదు. 1982లో ఒక సంస్థను స్థాపించి, తులసీఘాట్ నందే ప్రయోగశాల ఏర్పఱచి, నది నీటిని పరీక్షింపజేసెను. 2013లో దేహము చాలించువఱకు ఆయన ఈ దీక్షను వీడలేదు. ఆయన కంఠస్వరమున నిందకంటె వేదన యెక్కువ. భక్తులతో మాటలాడునపుడు గంగ మలినమైనదను మాట వారి చెవికి కఠోరముగ నుండునని ఎఱిగి, తల్లికి అవమానము జరుగుచున్నదని చెప్పెడివాడు. అపుడు వారు వినెడివారు. వాదముకంటె భాషను ఎఱుగుట మేలు.

1986లో కాశీలోనే నాటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ గంగా కార్యాచరణ ప్రణాళికను ప్రారంభించిరి. తొలిదశలో ఉత్తరప్రదేశ్, బీహారు, పశ్చిమబెంగాలు రాష్ట్రములందు 25 పట్టణముల మురుగును మళ్లించి శుద్ధిచేయవలెనని సంకల్పము. మిశ్రగారు దానిని మొదట హర్షించి, పిదప లోపములెత్తి చూపిరి. పంపులు విద్యుత్తుతో నడువవలెను. విద్యుత్తు గంటల తరబడి ఉండదు. పంపు ఆగినపుడు మురుగు మరల గంగలోనికే పాఱును. వఱదకాలమున యంత్రములు మునిగి నెలలు ఆగును. ఆ పద్ధతిలో శుద్ధిచేసిన నీటియందును రోగకారక సూక్ష్మజీవులు మిగిలియే యుండును. కనుక పల్లమునుబట్టి తనంతట తాను పాఱు కాలువలును, సూర్యరశ్మిచే శుద్ధిచేయు కొలనులును కావలెనని ఆయన వాదము. 2000 సంవత్సరమున తొలిదశ ముగిసినట్లు ప్రకటించిరి. గంగ మాత్రము స్నానయోగ్యము కాలేదు. 2008లో గంగను జాతీయనదిగ ప్రకటించిరి. 2014లో ‘నమామి గంగే’ వచ్చినది. ఇరువదివేల కోట్ల రూపాయలు దానికి కేటాయించిరి. కొన్నిచోట్ల నిజముగ మేలు జరిగినది, కాదనరాదు. శుద్ధికేంద్రముల సంఖ్య పెరిగినది. అయినను అనేక పట్టణములందు కేంద్రము కట్టిరి గాని ఇండ్లనుండి దానికి గొట్టములు కలుపలేదు. యాగశాల సిద్ధమై, హవిస్సు తెచ్చువాడు లేనట్లయినది.

ఇచ్చట కొందఱు పాఠకులు, ఆధ్యాత్మిక పత్రికకు రాజకీయములేల యని అడుగవచ్చును. ఒక్క విషయము జ్ఞాపకము చేయుదును. భగీరథుడు సన్న్యాసి కాడు, రాజు. గంగ భూమికి వచ్చుటయే రాజకార్యముగ వచ్చినది. ఆంగ్లేయుల కాలమున హరిద్వారమువద్ద భీమగోడ ఆనకట్టచే గంగాప్రవాహము బంధింపబడునని తెలిసినపుడు, పండిత మదనమోహన మాలవీయగారు ఊరకుండలేదు. ఎగువ గంగకాలువ 1854లోనే తెఱవబడి యుండెను. వేసవిలో మిగులు నీరే స్వల్పము. భక్తులను, పండితులను, పలువురు సంస్థానాధీశులను కూడగట్టి 1916లో ప్రభుత్వముతో ఒడంబడిక సాధించిరి. హరికీ పైడీకి సెకనునకు వేయి ఘనపుటడుగులకు తగ్గకుండ అడ్డులేని ధార పాఱవలెనని అందు నిర్ణయమైనది. మాలవీయగారు మంత్రజపముతో సరిపెట్టుకొనలేదు, ఘనపుటడుగుల లెక్క అడిగిరి. భక్తి రాజకీయములలో ప్రవేశించినచో ఇట్లు ప్రవేశింపవలెను.

నేడు కనబడునది తఱచుగ దీనికి విపరీతము. గంగ ఎన్నికల సభలలో తల్లి. ఎన్నికల పిమ్మట పద్దు. ఏ పక్షమును నేను వేఱుచేసి చెప్పను. హారతి పళ్లెమును అన్ని పక్షముల నాయకులును పట్టిరి. తప్పంతయు వారిదే యనుటయు న్యాయము కాదు. నాయకుడు హారతి యిచ్చిన దృశ్యము చూచి మన కన్నులు చెమర్చును, అంతటితో తృప్తిపడుదుము. ఆ పట్టణమున మురుగు శుద్ధియగుచున్నదా యని మనము అడుగము. మనము కోరనిదానిని వాడేల యిచ్చును?

ప్రొఫెసర్ జి.డి. అగర్వాల్ గారి చరిత్ర ఈ సందర్భమున తప్పక తెలిసికొనవలసినది. 1932లో జన్మించి, రూర్కీలో చదివి, అమెరికాలో బర్క్లీ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్యుడై, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి మొదటి సభ్యకార్యదర్శిగ పనిచేసిన ఇంజనీరు ఆయన. భాగీరథిని సొరంగములలోనికి మళ్లించు జలవిద్యుత్ ప్రణాళికలను వ్యతిరేకించి 2008 మొదలు పలుమాఱులు నిరాహారదీక్ష వహించెను. 2010లో నాటి కేంద్రప్రభుత్వము 600 మెగావాట్ల లోహారినాగ్ పాలా ప్రణాళికను, నిర్మాణము మొదలైన పిమ్మటనే, రద్దుచేసినది. 2012లో గోముఖము నుండి ఉత్తరకాశి వఱకు గల పరీవాహక ప్రాంతమును పర్యావరణ సున్నిత మండలముగ ప్రకటించిరి. నడుమ 2011లో ఆయన సన్న్యసించి స్వామి జ్ఞానస్వరూప సానందుడయ్యెను.

ఆ పర్వతవాసుల మాటయు వినవలెను. ప్రణాళికలు ఆగినపుడు వారిలో కొందఱు ఆయనకు వ్యతిరేకముగ నిలిచిరి. “మైదానములలోనివారు దీపములు వెలిగించుకొని మా కొండలలో పవిత్రత కావలె నందురు, మా బిడ్డలకు పని యేది?” అనునది వారి ప్రశ్న. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పవిత్రతకు మూల్యము పేదవాడొక్కడే చెల్లింపవలెననుట ధర్మము కాదు. నది స్వేచ్ఛగ పాఱవలెనని మనము కోరినచో, దానివలన నష్టపోవువారి జీవనభారమును పంచుకొనవలెనని కూడ కోరవలెను. సానందస్వామి పక్షమువారు ఈ అంశమునకు ఇంకను ఎక్కువ సమాధానము చెప్పి యుండవలసినదని నా అభిప్రాయము.

2018 జూన్ 22న హరిద్వారమునందలి మాతృసదనమున ఆయన కడపటి దీక్ష ప్రారంభమైనది. అప్పటికి ప్రభుత్వము మాఱినది. గంగారక్షణకు ప్రత్యేకచట్టము కావలెను. అలకనంద, మందాకినీ మొదలగు ఉపనదులపై నిర్మాణములో నున్న జలవిద్యుత్ ప్రణాళికలు ఆగవలెను. హరిద్వారమువద్ద నదీగర్భమున త్రవ్వకములు నిలువవలెను. ఇవి ఆయన కోరికలలో ముఖ్యములు. తేనె కలిపిన నీటితో నూఱుదినములకు పైగా గడపెను. ఎగువ గంగలో ప్రతిమాసమును ఇంతభాగము నీరు విడువవలెనని ప్రభుత్వము అక్టోబరు 9వ తేదీతో ఉత్తరువు వెలువరించినది. కోరికలలో అధికభాగము తీరినదని అధికారులు పలికిరి. చట్టము రాలేదు, ప్రణాళికలు ఆగలేదు. ఆయన ఆ దినములలోనే నీటిని సైతము మానెను. అక్టోబరు 11న ఋషీకేశమునందలి వైద్యశాలలో ప్రాణము విడిచెను. వయస్సు 86 సంవత్సరములు.

ప్రాయోపవేశము అందఱకును విధించిన ధర్మము కాదు. ఒకని మరణముతో మఱియొకనిని లొంగదీయుట సదా ఉచితమని నేననను. కాని భగీరథుడు పేర్కొన్న సాధువు ఎట్లుండునని ఎవరైన అడిగినచో, ఈ ముదుసలి ఇంజనీరు నా స్మృతికి వచ్చును. గంగ పాపమును ఆయన తన శరీరముపై వేసికొనెను. మిగిలిన మనము ఆ వార్తను పత్రికలలో చదివితిమి.

న్యాయస్థానములును తమ ప్రయత్నము చేసినవి. ఎం.సి. మెహతా అను న్యాయవాది వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము 1987లో కాన్పూరు జాజ్‌మౌ ప్రాంతమున ప్రాథమిక శుద్ధియైనను చేయని చర్మశుద్ధి కర్మాగారములను మూయించినది. 1988లో అదే వ్యాజ్యమున మురుగు విషయమై పురపాలక సంస్థను బాధ్యునిగ చేసినది. మొదటి తీర్పు అందఱకును జ్ఞాపకమున్నది, రెండవది ఎవరికిని లేదు. చర్మకారుని మురుగు మన కంటికి కనబడును. మన స్నానగృహపు మురుగు కనబడదు. గంగలో చేరు మాలిన్యములో అధికభాగము పట్టణగృహముల మురుగే. 2017 మార్చి 20న ఉత్తరాఖండ్ ఉన్నతన్యాయస్థానము గంగాయమునలు చట్టము దృష్టిలో సజీవవ్యక్తులని తీర్పు చెప్పినది. అదే సంవత్సరము జులైలో సర్వోన్నత న్యాయస్థానము దానిని నిలిపివేసినది. గంగ వ్యక్తియైనచో వఱదనష్టమునకు ఎవరు ఉత్తరవాదియని రాష్ట్రప్రభుత్వము ప్రశ్నించినదట! తల్లియని పిలిచినపుడు కలుగని సందేహము, హక్కులు కలవని చెప్పగానే కలిగినది.

ఈ విషయమున మన తెలుగునాట ఒక శిలాశాసనము కలదు. కడపజిల్లా పోరుమామిళ్ల చెఱువుగట్టున 1369వ సంవత్సరమున వేయింపబడినది. మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు ఆ చెఱువును త్రవ్వించెను. జలదానపుణ్యమును కొనియాడిన ఆ శాసనమే, వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండు సంవత్సరముల కాలము పట్టినదనియు చెప్పుచున్నది. చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, కలుగగూడని ఆఱు దోషములను లెక్కించినది. అంగములలో మొదటిది ధర్మవంతుడగు రాజు. రెండవది జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు. దోషములలో ఒకటి, చెఱువు రెండు రాజ్యముల పొలిమేరయందుండుట. ఎంత అనుభవము! పొలిమేరలోని నీటికి కాపరి యుండడని వారు ఎఱిగిరి. పలు రాష్ట్రముల గుండ పాఱు గంగకు, దానివలెనే మన కృష్ణాగోదావరులకును, నేడు పట్టిన దోష మదియే. పుణ్యము, లెక్క, రాజనీతి ఒకే శిలపై చెక్కిన పూర్వులకు మూడును వేఱనిపింపలేదు.

చెఱువు త్రవ్వించుట, తోట వేయించుట మొదలగు లోకోపకార కర్మలకు పూర్తమని పేరు. యజ్ఞాదికమైన ఇష్టముతో సమానముగ దీనిని చెప్పిరి. నాడు రాజు చేయించినదానిని నేడెవరు చేయింపవలెను? రాజ్యాధికారము ఓటుగ మాఱి ఇంటింటికిని పంచబడినది. అధికారముతోపాటు రాజధర్మమును పంచబడినదని మనము తలపము. సింహాసనములోని ముక్కను పుచ్చుకొని, దాని పాపభారమును మాత్రము ఎన్నికైనవానికి విడిచితిమి.

గంగ దూరమున నున్నదందురా? అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనదిని మన పెద్దలు ముచుకుందానది యనిరి. అది హైదరాబాదు మురుగును మోసికొని పోయి, నల్లగొండ జిల్లా వాడపల్లివద్ద కృష్ణలో కలియును. వాడపల్లి నరసింహస్వామి, అగస్త్యేశ్వరస్వామి వెలసిన సంగమక్షేత్రము. పుష్కరములందు అచ్చట మునుగు యాత్రికులలో హైదరాబాదువారును ఉందురు. వారి ఇంటి నీరు వారికంటె ముందే ఆ క్షేత్రమునకు బయలుదేఱి యుండును. తమ పట్టణమున ఎన్ని ఇండ్లకు మురుగుగొట్టము కలుపబడినది, శుద్ధికేంద్రము దినమునకు ఎన్ని గంటలు నడుచుచున్నది, విద్యుత్తు లేనపుడు మురుగు ఎచ్చటికి పోవుచున్నది అని 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద, పది రూపాయల రుసుముతో, ఏ పౌరుడైనను పురపాలక సంస్థను అడుగవచ్చును. ఎన్నికలకు నిలిచిన అభ్యర్థి ఇంటికి వచ్చినపుడు ఈ మూడు ప్రశ్నలనే అడుగుటకు ఆ రుసుమును అక్కరలేదు.